బోర్డు లేని ఇల్లు

అమీర్‌పేటలో ఆ అక్క ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా, ముందు తలుపు సందులోంచి ఆ ప్రశ్నే వచ్చేది.

"మేడం, మీ ఎన్క ఎవరన్న వచ్చిన్రా?"

లేదంటేనే గొలుసు తీసేది. భర్తల దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లను ఆమె ఆ మూడో అంతస్తులో దాచేది. చుట్టూ హాస్టళ్ల బోర్డులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ ఇంటికి మాత్రం ఏ బోర్డూ లేదు.

పంజాగుట్టలోని మా సంస్థ ఆమెకు చిన్న గ్రాంటు ఇచ్చింది. మా పేరున్న బోర్డు గుమ్మానికి పెట్టి ఫోటో తీయాలని షరతు. మా షరతులు మాకు ముద్దు. "ఒక్క నిమిషమే అక్కా" అని నేనే ఒప్పించాను.

ఫోటో తీశానో లేదో, కింద బైకు ఆగింది. మెట్ల మీద మగవాడి అడుగులు వినిపించాయి. ఆమె బోర్డు పీకి, అక్షరాలు కనబడకుండా గుండెలకు హత్తుకుని గోడకు అతుక్కుపోయింది. లోపల ఏడుస్తున్న పసిపిల్ల నోరు ఎవరో మూశారు.

అతను పార్సిల్ తెచ్చిన మనిషి. రెండో అంతస్తులో ఇచ్చి వెళ్లిపోయాడు.

"గా ఫోటో తీసెయ్యిండ్రి మేడం. ఇంటి నంబరు సుత పడ్డది అండ్ల."

ఆమె ఎదుటే ఫోన్లోంచి తీసేశాను.

"ఎవ్వరికీ పంపలే గద?"

"లేదక్కా."

ఏ ఫోటో అయినా తీసిన వెంటనే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం నా అలవాటు. మెట్లు దిగుతూ అక్కడ కూడా తీసేశాను. అప్పటికే పదకొండు మంది చూశారు. వాళ్లలో సగం మంది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.