అవ్వా, ఇగ గోలీలు చాలు

మలుపు దగ్గర ఆటో కనిపించకముందే నా గొంతు వినిపించేది. ముందు మైకు గరగర, తర్వాత నేను. గిన్నెలు తోముతున్నా, పుస్తకం పట్టుకుని కూర్చున్నా చేతులు ఆగిపోయేవి. నలుగురి ముందు నోరు తెరవని పిల్ల ఊరంతటినీ పిలుస్తుంటే, ఆ పిలిచేది నేను కాదేమో అనిపించేది.

డిగ్రీ చదివే రోజుల్లో నోట్సు జిరాక్సు కోసం మోత్కూర్ వెళ్లాను. ఆ జిరాక్సు దుకాణంలోనే మైకుసెట్లు కూడా కిరాయికిస్తారు. ఊళ్లలో గొర్రెలకు నట్టల మందు పోసే రోజు దగ్గరపడింది. కడుపులో పురుగులు పోవడానికి సర్కారు ఉచితంగా తాగించే మందు అది. ఆ సంగతి మైకులో చదవాల్సిన మనిషికి గొంతు పట్టేసిందట. దుకాణాయన నా చేతిలో కాగితం పెట్టి, "జర సదువు బిడ్డా. మాట్లాడుడు కాదు, సదువుడే గద" అన్నాడు. చదవడమైతే నాకు భయం లేదు. చదివాను. అది రికార్డు చేసి ఆటోలో ఊళ్లకు తిప్పారు. చెప్పిన రోజున, చెప్పిన చోటికి మందు వచ్చింది.

తర్వాత రెండేళ్లు గొర్రెల మందు, పిల్లల చుక్కల మందు, కరెంటు ఆగే రోజు, అన్నీ నా గొంతుతోనే చుట్టుపక్కల ఊళ్లకు చేరాయి. మాది గొర్రెలు కాసే ఇల్లు. మా అవ్వ మందను తోలుకుపోతూ ఎదురైన వాళ్లకల్లా "గది మా మనవరాలే" అని చెప్పుకునేది.

పొడి డబ్బాల మనిషి ఆ తర్వాత వచ్చాడు. ఏవో వేర్లతో చేసిన, షుగర్ జబ్బుకని అమ్మే పొడి. చదవాల్సిన కాగితంలో, ఈ పొడి వాడేవాళ్లకు డాక్టరు రాసిన గోలీల అవసరం ఉండదని ఉంది. నేను ఆగాను.

"గిది నిజమేనా కాకా?" అని దుకాణాయనను అడిగాను.

"పెండ్లిపిల్ల బంగారు బొమ్మ అని మైకుల చెప్తం. గీకి చూసి చెప్తమా? సదువు."

నవ్వొచ్చింది. చదివాను. అక్కడితో ఆగలేదు. రోజూ డైరీ రాసుకునేదాన్ని. వాక్యం చప్పగా ఉంటే చేయి ఊరుకోదు. మా అవ్వకు కూడా షుగర్ ఉంది. ఆమెను మరిచిపోయి కాదు, ఆమె గుర్తొచ్చినందుకే ఆ మాట మార్చాను: "అవ్వా, ఇన్నేండ్లు మింగినవ్, ఇగ గోలీలు చాలు." పొడి మనిషి చప్పట్లు కొట్టాడు. వాక్యం బాగా కుదిరిందని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా ఉంది. చించలేదు.

వానలు మొదలైనప్పుడు మంద వెంట పోతుంటే అవ్వ కాలి బొటనవేలికి తుమ్మముల్లు దిగింది. ముల్లు తీశాం గానీ పుండు మానలేదు. వేలు నల్లబడింది. నల్గొండ దవాఖానకు తీసుకుపోదామని ఆమె చీరలు సర్దుతుంటే పెట్టె అడుగున గోలీల పట్టీలు దొరికాయి. ఒక్క గోలీ కూడా తీయలేదు. పక్కనే పొడి డబ్బా.

"ఎందుకు మానేసినవ్ అవ్వా?"

"నువ్వే చెప్పినవ్ గద."

"నేను చెప్పలే. కాగితంల ఉన్నది సదివిన."

"నట్టల మందు గూడ కాగితంల ఉన్నదే సదివినవ్. రాలేదా మరి?"

పట్టీలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ కోప్పడింది. "గోలీలు ఎవరు మానమన్నరు నిన్ను?" అని గద్దించింది. అవ్వ నా వైపు చూడలేదు. "ఎవలో, మైకుల చెప్పిన్రు" అంది.

వేలు తీసేశారు.

ఆమెను ఇంటికి తెచ్చాక, ఆ రికార్డు తీసేయమని అడగడానికి మోత్కూర్ పోయాను. అప్పటికే దుకాణంలో మందుల తనిఖీ అధికారి ఉన్నాడు. ఎవరో ఫిర్యాదు చేశారట. పొడి మనిషి ఆయనతో వాదానికి దిగాడు.

"నా సరుకు సంగతి నేను చెప్పుకోవద్దా సార్? నోరు తెరిచే హక్కు లేదా ఈ దేశంల? ఎలక్షన్లప్పుడు గిదే మైకుల ఎన్ని చెప్తలేరు? ముందు ఆళ్లనాపున్రి!"

దుకాణం ముందు నిలబడ్డవాళ్లు నవ్వారు. అధికారికీ నవ్వొచ్చింది.

"తియ్యగుందని చెప్పుకో. సర్కారును తిట్టుకో, నన్ను తిట్టుకో. నేనాప. రోగం తగ్గిస్తది, గోలీలు మానున్రి అని చెప్పి సరుకు అమ్మకు. గంతే."

వాక్ స్వాతంత్ర్యం, దాని మీద సహేతుకమైన పరిమితులు: పరీక్షకు ఆ పాఠం చదివినప్పుడు, పరిమితుల పక్కన "అన్యాయం" అని పెన్సిలుతో రాసుకున్నాను. పొడి మనిషి మాటలో కొంత న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. ఇవాళ పొడి మాటను ఆపిన చేయి, రేపు చెరువు నీళ్లు తాగి గొర్రెలు చస్తున్నాయని మైకులో చెప్పే మావాళ్లనూ ఆపొచ్చు. కానీ చెరువు మాట తప్పని ఎవరికైనా అనిపిస్తే ఎదురు మాట చెప్పొచ్చు, దానికి టైముంటుంది. అవ్వ వేలు ఎదురు మాట వచ్చేదాకా ఆగలేదు.

రికార్డులో గొంతు ఎవరిదని అధికారి అడిగాడు. దుకాణాయన నేల చూపులు చూశాడు. "నాదే" అన్నాను. వినపడలేదో ఏమో, మళ్లీ అడిగాడు. కాగితం తీసుకుని రాసిచ్చాను. "అవ్వా" అన్న పిలుపు నేను చేర్చిందేనని కూడా రాశాను. ఆయన ఆ రికార్డున్న పెన్‌డ్రైవ్ తీసుకుపోయాడు.

"నీ గొంతు నువ్వే పట్టిచ్చుకున్నవ్ గద బిడ్డా" అన్నాడు దుకాణాయన. మళ్లీ నన్నెవరూ చదవమనలేదు.

అవ్వ ఇప్పుడు గోలీలు మింగుతోంది. నేనే చేతిలో పెడతాను. పెట్టేటప్పుడు ఏమీ చెప్పను. ఆమె గోలీని చూడదు, నా నోటిని చూస్తుంది.

పోయిన నెల ఉద్యోగ పరీక్షకు మహబూబ్‌నగర్ వెళ్లాను. బస్టాండు బయట ఆగిన ఆటోలోంచి మైకు గరగర. తర్వాత నేను. పెన్‌డ్రైవ్ పోకముందే ఎవరు ఎక్కించుకున్నారో తెలియదు. పొడి పేరు వచ్చే చోట మాత్రం ఎవరిదో మగగొంతు అతికించారు. మిగతాదంతా నేనే. ఒక ముసలామె మూట కింద పెట్టి, తలెత్తి వింటోంది.

కాళ్లు వాటంతటవే ఆమె దగ్గరికి పోయాయి.

"అవ్వా, గోలీలు మానకు. గా మాట అబద్ధం."

"నీకెట్ల ఎర్క?"

"గా గొంతు నాదే."

ఆమె ఆటోను చూసింది, నన్ను చూసింది. "గింత సన్నగ మాట్లాడుతవ్. గంత గొంతు నీదా? పో బిడ్డా" అని నవ్వి, ఆటో వైపు కదిలింది.

నేను ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. మైకులో మళ్లీ మొదలైంది. దానితోపాటే నేనూ గట్టిగా అందుకున్నాను. "అవ్వా, ఇన్నేండ్లు మింగినవ్..." అదే సాగదీత, అదే విరుపు. రెండు గొంతులూ ఒక్కటై వినిపించాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. ముసలామె ఆగిపోయింది.

తర్వాతి మాట మైకు ఒక్కటే చెప్పింది. నేను చెప్పలేదు.

"గిది ఇని మా అవ్వ గోలీలు మానేసింది. వేలు తీసేసిన్రు" అన్నాను.

ఆమె మైకు వైపు చూడటం మానేసింది.

"ఏ వేలు?" అంది.

నేను చెప్పు విప్పి నా కాలి బొటనవేలు చూపించాను.