హీట్‌సింకుకు పెట్టిన మెరుగు

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పనులు రెండే: కంట్రోలర్లు విప్పడం, కుళ్ళుకోవడం. మొదటిదానికి డిప్లొమా చదివాను, రెండోది ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. జనగామ బస్టాండు వెనక ఉస్తాద్ దుకాణంలో సోలార్ పంపుల కంట్రోలర్లు బాగుచేసేవాళ్ళం. ఉస్తాద్ భూపాలపల్లిలో ఇంకో దుకాణం పెడుతున్నాడనీ, మా ఇద్దరిలో ఒకరికి దాన్ని అప్పగిస్తాడనీ తెలిసినప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. ఆ రెండో మనిషి పెద్దవంగర దగ్గరి తండా అమ్మాయి. నాకన్నా రెండేళ్ళు వెనక చేరింది. (పైకి చెల్లె అని పిలిచేవాణ్ణి, మనసులో ఏమనేవాణ్ణో ఇక్కడ రాయలేను.) "జర చూడు బేటీ" అని ఉస్తాద్ ఏ బోర్డు ఆమె ముందు పెట్టినా నాకు కడుపు మండేది.

ఒకసారి రేగొండ రైతు ఒకాయన తన కంట్రోలర్ తెచ్చాడు. చిప్పు ఎన్నిసార్లు మార్చినా నెల తిరక్కుండానే కాలిపోతోంది. "దీన్ని ఎవలు నిలవెడితే భూపాలపల్లి వాళ్ళదే" అన్నాడు ఉస్తాద్. చిప్పు లోపలి వేడికి ఒక హద్దుంటుంది, దాటితే కాలిపోతుంది. లోపలికి చూడలేం కాబట్టి, దాన్ని బిగించిన అల్యూమినియం రెక్కల దిమ్మ, అంటే హీట్‌సింక్, వేడి కొలిచి లోపలిది అంచనా కట్టాలి. కొత్త చిప్పు బిగించి నడిపి, తాకకుండానే వేడి చూసే తుపాకీ పెడితే తొంభై డిగ్రీలు చూపించింది. నేను నల్లరంగు హీట్‌సింకును ఎమిరీ కాగితంతో, అమ్మ ఇత్తడి బిందె తోమినట్టు రుద్ది తళతళలాడించాను. మళ్ళీ నడిపి తుపాకీ పెడితే నలభై ఎనిమిది!

"చూసినవా ఉస్తాద్, ఒక్క రుద్దుడుకే సగం వేడి పాయె!" అని అరిచాను. ఆయన "అరె వాహ్" అన్నాడు. నేను మనసులో భూపాలపల్లి వెళ్ళి, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా చూసుకున్నాను.

"రుద్దితే గింత తగ్గుతదా అన్నా?" అంటూ చెల్లె దాని మీద నల్ల టేపు ముక్క అంటించి, కాసేపు ఆగి తుపాకీ పెట్టింది. తొంభై రెండు. మెరిసే లోహం మీద ఆ తుపాకీ ఉన్న వేడిని తక్కువ చేసి చూపిస్తుందట. "బయటనే గింతుంటే లోపల ఇంకెంతుండాలె?" అంటూ రెక్కల మధ్య పుల్ల పెట్టి లాగితే, గాలి ఆడకుండా ఇరుక్కున్న పత్తి పీచు ఉండలుగా వచ్చింది. నేను రుద్దింది పైపైనే.

"కాకా, గీ డబ్బ ఏడ వెట్టినవ్?" అని రైతును అడిగింది.

"ఏడ వెడ్త బిడ్డా, పత్తి కుప్ప పక్కకే."

పీచంతా తీశాక టేపు మీద అరవై చూపించింది. డబ్బాను పత్తికి దూరంగా పెట్టమని రైతుకు చెప్పి పంపారు. రెండు నెలలు గడిచినా కంట్రోలర్ మళ్ళీ రాలేదు. భూపాలపల్లి ఆమెకే దక్కింది.

సాగనంపడానికి వెళ్ళి నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. "అన్నా, నువ్వు గట్ల రుద్దకపోతే నాకు అనుమానమే రాకపోతుండె" అంది బస్సు కిటికీలోంచి, మనస్ఫూర్తిగానే. అంటే ఆమె గెలుపు నా చేతి చలవేనన్నమాట! ఆ మాటతో ఇంకా మండిపోయాను. నా లోపలి వేడి తెలుసుకోవడానికి ఎవరికీ ఏ తుపాకీ అక్కర్లేకపోయింది. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి, "పా, చాయ్ తాగుదం, సల్లవడ్తవ్" అన్నాడు.

వేడి చాయ్‌తో మనిషి చల్లబడతాడా అని అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు నా దుకాణంలో ఎవరైనా పక్కవాళ్ళ పని చూసి మొహం మాడ్చుకుంటే, ఏమీ అడగకుండా రెండు చాయ్‌లు చెప్పి ఎదురుగా కూర్చుంటాను.