స్టేషన్లోనా, అగ్గిపెట్టెలోనా

"మీ పెదనాయన పోయినాడు పాపా" అని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో నా స్టూడియోలో ఒకాయనకు పాస్‌పోర్టు ఫోటో తీస్తా ఉండా. ఆయమ్మే మళ్ళీ అనింది: "రైలు తిరుగుతానే ఉండాది. ఎట్ల ఆపాలో నాకు తెల్దు."

"ఎర్ర స్విచ్చి నొక్కు పెద్దమ్మా" అన్నా.

"నేను ముట్టను. ఇన్నేండ్లు ముట్టనియ్యలేదు. ఇప్పుడు ముడితే లేసి తిడతాడేమో."

ఆయమ్మ ఆ మాట నవ్వించడానికి అనలేదు. నేను ప్యాసింజరెక్కి ధర్మవరం చేరేసరికి బ్యాటరీ అయిపోయి, బొమ్మ రైలు పెనుకొండ దాటి గుట్ట మలుపులో నిలిచిపోయింది. పెదనాయనను ఆ గదిలో పడుకోబెట్టడానికి జాగా లేదు. గదినిండా రైలు బల్లే. నలుగురూ పట్టుకొని వసారాలో పడుకోబెట్టినారు.

ఆయప్ప మంచోడని నేను రాయను. నాకు విద్య నేర్పించినాడని రాస్తా. ఈ రెండూ ఒకటి కాదని తెలుసుకోవడానికి నాకు శానా ఏండ్లు పట్టింది.

బొగ్గింజన్లో ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ ఇంజన్ డ్రైవరుగా రిటైరైనాడు. డీజిల్‌ను ఏనాడూ లెక్కచెయ్యలేదు. "అది బస్సు" అనేవాడు. రిటైరైన నెలలోనే ముందుగది ఖాళీ చేయించి, పెద్దమ్మ మంచాన్ని వంటింట్లోకి నెట్టి, గోడనుంచి గోడకు బల్ల వేయించినాడు. దాని మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మూడు స్టేషన్లూ తను చూసిన పాతకాలంలో ఎట్లుండేవో అట్లే కట్టినాడు. పెనుకొండ కొండకు శెనక్కాయల పొట్టు, మైదా జిగురు. టెలిగ్రాఫ్ తీగలకు మగ్గాల దగ్గర ఏరుకొచ్చిన పట్టుపోగులు. ఇంజన్‌కు పౌడరు డబ్బా రేకు, పాత టేపురికార్డరు మోటారు. జానెడు ఇంజన్ అది. దాని రివెట్లు భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

కొత్తగా మెరిసే ఇంజన్ అంటే ఆయప్పకు అసయ్యం. "పనిచేసిన ఇంజన్‌కు మురికుండాల పాపా. మురికి యాడుంటాదో తెలిసినోడే పనోడు" అనేవాడు. పొగగొట్టం చుట్టూ మసికి పెద్దమ్మ కాటుక. తుప్పుకు మేకులు నానేసిన నీళ్ళు. వెనకపెట్టెలోని బొగ్గు నిజం బొగ్గే. దాన్ని పెద్దమ్మ మిరియాలు దంచుకునే చిన్నరోట్లో దంచినాడు. ఆమె అడ్డంపడితే, "నీ చారు ఎట్లా నల్లగానే ఉంటాది" అన్నాడు, నా ముందరే. నేను నవ్వినా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే చీదరగా ఉంటాది.

కొత్తగా స్టూడియో పెట్టిన నన్ను ఫోటోలకు పిలిచినాడు. అప్పుడు నాకు పెండ్లి ఫోటోల లైటింగు తప్ప ఏమీ రాదు. కెమెరా ఎత్తి పట్టుకుంటే చెయ్యి మీద కొట్టినాడు. "పైనుంచి తీస్తే బొమ్మ కనపడతాది. ప్లాట్‌ఫారం మీద నిలబడినోడి కంటి ఎత్తుకు దిగు, రైలు కనపడతాది." గడ్డం బల్లకానించి, ఊపిరి బిగబట్టి తీసేదాన్ని. కిటికీలో ఎండను అద్దంతో మళ్ళించి ఇంజన్ పక్కకు కొట్టడం, దూదిని పలచగా లాగి పొగ చెయ్యడం, అన్నీ ఆయప్ప పెట్టిన భిక్షే. "ఫోకసు ఇంజన్ మీదనే. మిగిలిందంతా మసకైనా ఫరవాలేదు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఈరోజు నేను తినే కూడు ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే, కాదనను.

ఇంక బొమ్మల సంగతి చెప్పాల. ఆ ప్లాట్‌ఫారాల మీద మా బంధువులంతా ఉండేవాళ్ళు. గోరంత మనుషులు, మైనంతో చేసి రంగులేసినవి. మా నాయన భుజాన తువ్వాలతో, మా అమ్మ చేతిలో సంచితో. నేను పచ్చ చుడీదారు, మెడలో కెమెరా. ఎవరి మీదైనా కోపమొస్తే పెదనాయన ఒక్క మాట అనేవాడు కాదు. చిమటాతో ఆ బొమ్మను పట్టి ఎత్తి అగ్గిపెట్టెలో పెట్టి మూసేవాడు. అంతే, ఆ మనిషితో మాటల్లేవు. "ముసలోడు బొమ్మలాట ఆడుకుంటాండాడు" అని ఏదో పెండ్లిలో అన్నందుకు మా నాయన రెండేండ్లు అగ్గిపెట్టెలో ఉండొచ్చినాడు. మా ఇండ్లల్లో ఎవరైనా ఎదురైతే, "స్టేషన్లో ఉండావా, అగ్గిపెట్టెలో ఉండావా?" అని అడుక్కునేవాళ్ళం. నవ్వుతానే అడిగేవాళ్ళం గానీ, లోపల అందరికీ భయమే.

పెద్దమ్మ బొమ్మ మాత్రం ఏ స్టేషన్లోనూ లేదు. ఒకతూరి అడిగినా.

"ఆయమ్మ యాడికి పోతాది?" అన్నాడు, తల ఎత్తకుండా. "నేను స్టేషన్లు కట్టినా. వంటిల్లు కట్టలేదు."

పెద్దమ్మ అప్పుడే మా ఇద్దరికీ కాఫీ తెచ్చి గడప దగ్గర నిలబడి ఉండాది. గ్లాసులు పెట్టి పోయింది.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని స్టేషన్ బోర్డులు నన్నే రాయమన్నాడు. రాసినా. రైళ్ళ పిచ్చి ఉండేవాళ్ళు వేసుకునే క్యాలెండర్‌లో కొండ, బోర్డు కనపడేట్లు మా రైలు ఫోటో పడింది. వారం తిరక్కుండా గోదావరి వైపునుంచి ఎవరో పెద్దాయన పెదనాయనకు ఫోన్ చేసినాడు. "ఏవండీ, మా పెనుగొండలో కొండెక్కడిదండీ?" నేను నోటికొచ్చినట్లు రాసినా. మా ఇంట్లో అందరం పెనుగొండ అనే అంటాము, చెవిలో ఉన్నదే చేతికొచ్చింది. రైల్వే బోర్డు మీద పెనుకొండ. ఒక్క అక్షరానికి మా కొండను గోదావరికి పంపినా.

పెదనాయన ఫోన్ పెట్టి చిమటా తీసుకున్నాడు. హిందూపురం ప్లాట్‌ఫారం మీదినుంచి పచ్చ చుడీదారును ఎత్తినాడు. "ఊరి పేరు రాయను రానోళ్ళకు ఆ ఊరి రైలు లేదు" అన్నాడు.

పదకొండేండ్లు. మా నాయనకు రెండేండ్లు, నాకు పదకొండు. నాతో మాటలు మాత్రం మానలేదు, ఫోటోలు కావాల గదా. ప్రతి ఆదివారం ప్యాసింజరెక్కి పోయేదాన్ని. పోయినప్పుడల్లా హిందూపురం ప్లాట్‌ఫారం మీద నా జాగా చూసుకునేదాన్ని. ఆడ జిగురు చుక్క ఒకటి ఎండిపోయి ఉండేది. సిగ్గు విడిచి అడిగేదాన్ని, "నన్నెప్పుడు ఎక్కిస్తావు పెదనాయనా?" "ఒక్క ఫోటో సరిగ్గా తియ్యి, చూద్దాం" అనేవాడు. ఎంత బాగా తీసినా ఏదో ఒక వంక. పెండ్లి ఆర్డర్లు వదులుకొని పోయిన ఆదివారాలున్నాయి. ఆ గోరంత మైనం బొమ్మ అక్కడ నిలబడితే నేను పనికొచ్చినట్లు. అంతకు మించి నాకేమీ వద్దనిపించేది. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ గేటుదాకా వచ్చి, "వచ్చే వారం రా పాపా, ఎక్కిస్తాడులే, నేను చెప్తా" అనేది.

పదకొండోరోజు కర్మ అయిపోయి, అందరూ భోంచేసి పోయినారు. పెద్దమ్మ, నేనే మిగిలినాము. ఆయమ్మ ముందుగదిలోకి వచ్చింది. ఆ బల్ల దగ్గరికి అంత దగ్గరగా రావడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"బ్యాటరీ మార్చు పాపా" అనింది. మార్చినా. రైలు కదిలింది. మెల్లగా హిందూపురం, ధర్మవరం, మళ్ళీ పెనుకొండ.

"ఆపు."

ఆపినా. పెద్దమ్మ చిమటా తీసుకుంది. ఇంజన్‌లో డ్రైవరు బొమ్మ ఉండాది, పెదనాయనే. తలకు ఎర్రగుడ్డ. మీసానికి తన మీసంలోని వెంట్రుకే కత్తిరించి అతికించుకున్నాడు. కిటికీ నిండా ఆయప్ప తలే. ఆయమ్మ చిమటాను కిటికీలో దూర్చింది. పట్టి లాగితే టక్కుమని ఊడొచ్చింది. బల్ల కింది అరలోనుంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది.

నేను పెట్టెలోకి తొంగిచూసినా. ఎవరెవరో ఉండారు, ముగ్గురో నలుగురో. పచ్చ చుడీదారు లేదు.

"నేనేది పెద్దమ్మా?"

"నిన్ను ఆరోజే పొయ్యిలో ఏసినాడు." డ్రైవరును పెట్టెలో పడుకోబెట్టింది. "మైనం గదా, చుయ్ మనింది."

"ఎక్కిస్తాడని చెప్తివే నాకు. ప్రతి వారం."

"చెప్పకపోతే నువ్వొస్తావా?" అగ్గిపెట్టె మూసింది. "నువ్వు రాకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు?"

నాకు కోపమొచ్చింది. పోయినాయన మీద కాదు, ఆయమ్మ మీద. పదకొండేండ్ల ఆదివారాలు లెక్కకొచ్చినాయి.

"ఇప్పుడు తియ్యి ఫోటో" అని చెప్పి, అలవాటు కొద్దీ పోయి వంటింటి గడప దగ్గర నిలబడింది.

గడ్డం బల్లకానించినా. ఊపిరి బిగబట్టినా. ఇంజన్ కిటికీ ఖాళీ. ఇన్నేండ్లూ ఆయప్ప తల అడ్డమున్న చోటునుంచి ఇప్పుడు అవతల వంటింటి గడప కనపడతాండాది, అందులో వెలిసిన బూడిదరంగు చీరలో పెద్దమ్మ. కిటికీ చట్రంలో సరిగ్గా పట్టింది. నా వేలు దానంతట అది తిరిగి ఫోకసు ఇంజన్ మీదనే పెట్టింది. రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్లు వచ్చినాయి.

పెద్దమ్మ దగ్గరికొచ్చి కెమెరా తెర మీదికి వంగింది. శానాసేపు చూసింది. ఇంజన్ కిటికీలో బూడిదరంగు మసక మీద వేలు పెట్టింది.

"పొగ బాగొచ్చింది పాపా ఈతూరి."

"అవును పెద్దమ్మా" అన్నా. "పొగే."