గుట్కా మానేసిన మేస్త్రీ

మా ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో ఉంది. పొగాకు మీద పెట్టిన నిషేధాలు ఎంతవరకు పనిచేశాయో లెక్కగట్టడం మా పని. ఆ లెక్కలకు పెద్ద కృష్ణప్రియ. నల్లగండ్ల పిల్ల. వాళ్ళ నాన్న ఎల్లేశం సెంట్రింగ్ మేస్త్రీ. కూతురు పీహెచ్‌డీ చేసి, తాను స్లాబులు వేసిన మేడల్లాంటి దాంట్లోనే కుర్చీ వేసుకు కూర్చుందని ఆయనకు మహా గర్వం. నేను ఆమె దగ్గర సర్వేలు చేసేవాణ్ణి, పేరు వేణు. మంచివాళ్ళకు మంచే జరుగుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

గుట్కా నిషేధం తర్వాత కట్టడాల దగ్గర కూలీలను, మేస్త్రీలను అడుగుతూ తిరిగాం. "గత నెలలో గుట్కా తిన్నారా?" అన్నది ప్రశ్న. నూటికి ఎనభై మంది లేదన్నారు. ఎవరిని అడగాలో తేల్చడానికి తీసిన చీటీల్లో ఎల్లేశం పేరూ వచ్చింది. కూతురు తండ్రిని అడగకూడదు కాబట్టి నేనే అడిగాను.

"గుట్కానా? ఎప్పుడో బంద్ జేసిన సారూ. మా బిడ్డ ఊకుంటదా?" అని నవ్వాడాయన.

నిషేధం గెలిచిందని కృష్ణప్రియ రిపోర్టు రాసింది. డైరెక్టర్ మధుకర్ గారు ఆఫీసంతటికీ బిర్యానీ తెప్పించారు.

రిపోర్టు అచ్చుకు వెళ్ళకముందే ఒక ఆదివారం ఎల్లేశం పచ్చిపులుసు కూడా మంటగా ఉందని కంచం పక్కకు తోశాడట. కారం లేనిదే ముద్ద దిగని మనిషి! కృష్ణప్రియకు అనుమానం వచ్చి నోరు తెరవమంది. రెండు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని మధ్య పుండు.

"గుట్కా తింటున్నవా నాయినా?"

"ఒట్టు బిడ్డా, ముట్టలే. ఇప్పుడు పాన్ మసాలా పొట్లం వేరే, పొగాకు జర్దా పొట్లం వేరే అమ్ముతున్నరు. రెండు కలిపి ఏస్కుంట."

"అదే గద గుట్కా! మరి వేణు అడిగితే ఎందుకు చెప్పలే?"

"ఆయన గుట్కా గురించే అడిగిండు గద. జర్దా అంటే చెప్తుంటి."

మర్నాడే ఆమె నన్ను వెంటబెట్టుకుని కట్టడాల దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి రెండు పొట్లాల సంగతి అడిగాం. లేదన్నవాళ్ళలో చాలామంది అవునన్నారు. ఒకడైతే అరచేతిలో రెండూ కలుపుతూనే, "గుట్కా బందయింది గద మేడం" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. ప్రశ్న రాసింది మేమే కదా.

రిపోర్టు ఆపమని ఆమె మధుకర్ గారిని అడిగింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ప్రశ్న మారిస్తే పాత లెక్కలతో ఎలా పోలుస్తామండీ? మనం అడిగింది అడిగాం, వాళ్ళు చెప్పింది చెప్పారు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?" అన్నారాయన.

"మా నాయిన నోట్ల ఉన్నది సార్."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగిపోయారు. రిపోర్టు పూలదండల మధ్య విడుదలైంది. దాని మీంచి కృష్ణప్రియ తన పేరు తీయించేసుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆఫీసులో నవ్వుకున్నారు. ఆ నవ్వినవాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆమె ఉద్యోగం వదల్లేదు. తండ్రి బుగ్గలో పుండు క్యాన్సరని తేలింది, ఆపరేషన్ ఆ ఉద్యోగమిచ్చే ఇన్సూరెన్సు మీదే జరగాలి. జరిగింది. ఒక పక్క బుగ్గా, సగం దవడా తీసేశారు.

ఏడాది తిరిగాక రెండో విడత సర్వే వచ్చింది. అదే ప్రశ్న, అదే మనుషులు. నల్లగండ్ల ఇంటికి నేనే వెళ్ళాల్సి వచ్చింది. ఎల్లేశం ముక్కులోని గొట్టం గుండా జావ పోస్తోంది కృష్ణప్రియ. నేను తలవంచుకుని, గత నెలలో గుట్కా తిన్నారా అని అడిగాను. ఆయన నా వైపు చూసి, మెల్లగా అడ్డంగా తలూపాడు.

"లేదని రాస్కో వేణూ," అంది కృష్ణప్రియ, చేతిలోని గ్లాసు దించకుండా. "ఈసారి మన లెక్క కరెక్టే."