మామ చెట్టును అడిగే ప్రశ్న

సోమవారం పొద్దున బట్లహళ్ళి డెయిరీలో పాలు పోయడానికి వరుసలో నిలబడి ఉంటే, మా పక్కతోట మామ నిద్రలోనే పోయాడని చెప్పారు. నా వంతు పాలు పోసి వచ్చేశాను. మామూలుగానే మాట్లాడను కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఆయన నాకు బంధువు కాదు. గట్టుకు అవతల నిమ్మతోట, దాన్నానుకున్న రాగిచేను ఆయనవి, ఇవతలి తోట నాది. నేను పుస్తకాలు చూసి సేద్యం నేర్చుకున్నవాణ్ణి. ఎంత వాన పడిందీ, ఏ ఆకుకు ఏమైందీ రోజూ నోటుపుస్తకంలో రాసుకుంటాను. మామ ఏదీ రాసేవాడు కాదు. చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూసేవాడు.

మొదటి ఏడాది నా నిమ్మమొక్కల లేతాకుల మీద పిట్టల రెట్టలు కనిపించాయి. పుస్తకంలో రాశాను. పిట్టలు వాలకుండా మెరిసే రిబ్బన్లు కట్టాను. పది రోజులు లెక్కపెట్టాను. రెట్టలు పెరిగాయి, ఆకులు తగ్గాయి. మామ గట్టు దాటి వచ్చి ఒక రెట్టను పుల్లతో పొడిచాడు. అది తల ఎత్తి రెండు ఎర్ర కొమ్ములు బయటికి తీసింది.

"పురుగప్పా ఇది! కొమ్ములుండే రెట్ట యాడన్నా ఉంటాదా?"

పురుగుల్ని ఏరి సబ్బునీళ్ళలో వేయడం ఆ పూటే నేర్పించాడు. మరుసటి రోజు నుంచి డెయిరీలో అందరూ "ఈ పొద్దు రెట్టలెన్నప్పా?" అని నన్ను పలకరించసాగారు. మామే చెప్పి ఉంటాడు.

తర్వాత పన్నెండు బటర్ ఫ్రూట్ చెట్లు, అంటే అవకాడో, పెట్టాను. మూడో ఏట జడివాన పట్టింది. వెలిసిన వారానికి ఆకులు వాడి వేలాడాయి. దాహమనుకుని పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోశాను. మామ వచ్చి ఒక చెట్టు మొదలు దగ్గర తవ్వి, ఒక వేరు తెంచి నా ముక్కు కింద పెట్టాడు. నల్లగా ఉంది, కుళ్ళు వాసన.

"దాహం కాదప్పా, మునిగి సస్తాండాది. నువ్వు పైనుంచి ఇంకా ముంచుతాండావు."

అప్పటికప్పుడు పార తెచ్చి, నా తోటలోంచి తన చేలోకి కాలువ తీశాడు.

"మీ రాగిపైరు?" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడింది అంతే.

"ఈత నేర్చుకుంటాది లే."

పదకొండు చెట్లు తేరుకున్నాయి. పన్నెండోది మోడైంది. పీకేస్తానంటే, "వచ్చే వానలదాకా ముట్టొద్దు" అన్నాడు. అప్పటినుంచి రోజూ వచ్చేవాడు. నేను సరిగా జవాబు చెప్పనని చెట్టునే అడిగేవాడు: "ఏమే, మీ నాయన దొంగగా నీళ్ళు పోసినాడా?"

ఒకసారి నిజంగానే పోశాను. కింద తడి చూసి, "నీ చెట్టు చెప్పేసినాది. నువ్వు నోరు నొప్పి చేసుకోవద్దులే" అన్నాడు.

మామను మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఈ ఏటి మొదటి వాన పడింది. కాలువ ఆకులతో పూడిపోయి, పన్నెండో చెట్టు చుట్టూ నీళ్ళు నిలిచాయి. మామ పార నా దగ్గరే ఉండిపోయింది, ఇమ్మని ఆరు నెలలుగా అడుగుతున్నాడు. దానితోనే పూడిక తీశాను. వంగినప్పుడు మోడు మీద రాగిగింజంత ఎర్రని బుడిపె కనిపించింది. చిగురో, తెగులో నాకు తెలియలేదు. పుల్లతో పొడిచి చెప్పే మనిషి లేడు.

"నేను పోయలేదు మామా, వాన" అన్నాను, గట్టిగానే.

నీళ్ళు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, గట్టు దాటి, మామ దున్ని ఇంకా విత్తని చేలోకి మెల్లగా పోతున్నాయి.