కొలంబో లైను తెగిన సోమవారం

తిరువళ్ళూరు స్టేషనులో ఏసు పోర్టరు. ఆయనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రైల్వే వాళ్ళతో ఏది దొరికితే అది. కూతురు ఆరోగ్యమేరి బడిలో తమిళమే చదువుకుంది. తెలుగు అక్షరాలు ఆమెకు ప్రార్థన పాటల పుస్తకంలో తప్ప మరెక్కడా కనబడలేదు. ఎస్సెల్సీ అయ్యాక టైపు నేర్చుకుని, తిరుత్తణి రోడ్డులోని ఒక చేతిపంపుల ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరింది.

ఫ్యాక్టరీ యజమాని చెంగల్రాయుడు. కే.జీ.కండిగైలో సేద్యం తమ్ముళ్ళకు అప్పజెప్పి వచ్చి, ఒక రేకుల షెడ్డులో లేతు మిషను పెట్టి మొదలుపెట్టిన మనిషి. బోరుబావుల మీద బిగించే పంపులను కొనేది మామూలు జనం కాదు, ప్రభుత్వాలు. టెండరు పిలుస్తారు. గడువులోగా ధర చెప్పాలి. ఆలస్యంగా చెప్పిన ధరను ఎవరూ చూడరు. మన రాష్ట్రంలోనో ఆంధ్రాలోనో అయితే మనిషిని బస్సెక్కించి టెండరు వేయించవచ్చు. సిలోను టెండర్లకు దిగాక చెంగల్రాయుడికి టెలెక్సు తప్పనిసరయింది. మద్రాసు నుంచి లైను లాగించడానికి ఆయన ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో ఆయనకే తెలియాలి. 1981లో యంత్రం వచ్చింది.

టైపు మిషనుకు టెలిఫోను తగిలించినట్టు ఉండేది అది. ఇక్కడ కొట్టిన అక్షరం సముద్రానికి అవతల కాగితం మీద అప్పటికప్పుడే పడేది. సందేశాన్ని ముందే కాగితపు పట్టీ మీద చిల్లులుగా కొట్టి పెట్టుకుంటే, లైను కలిశాక పట్టీ దానంతటదే పరుగెత్తేది. ముందు అవతలి యంత్రం తన పేరు కొట్టి చూపించాలి, అది చూశాకే పంపాలి. చివర్లో అంకెలన్నీ మళ్ళీ ఒకసారి కొట్టాలి. ఒక సున్నా జారిందంటే టెండరే జారిపోతుంది. ఈ పనంతా మద్రాసులో నేర్చుకుని వచ్చిన ఆరోగ్యమేరికి అద్దాల తలుపున్న చిన్న గది ఇచ్చారు.

కొలంబోలో చెంగల్రాయుడి తరఫున టెండర్లు చూసే ఏజెంటు ఒకడుండేవాడు. ఆ ఆఫీసులో టెలెక్సు ముందు కూర్చునేది తవమణి అనే జాఫ్నా తమిళమ్మాయి. మొదట్లో ఇద్దరి మధ్యా ధరలు, గడువులు, ఓడల పేర్లు తప్ప ఏమీ నడవలేదు. తరువాత, లైను తెంచే ముందు ఒకటి రెండు ముక్కలు ఎక్కువగా పడసాగాయి. భోజనమయిందా. అక్కడ వానలా. అమ్మకు ఒళ్ళు ఎలా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తమిళ మాటలు. ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి కొండకు మొక్కుబడిగా వచ్చే కావళ్ళ గురించి ఆరోగ్యమేరి చెబితే, తవమణి జాఫ్నాలోని తమ నల్లూరు గుడి ఉత్సవం గురించి చెప్పేది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు, గొంతు కూడా తెలియదు.

1983 జులైలో సిలోను నీటి సరఫరా శాఖ పెద్ద టెండరు పిలిచింది. నెలాఖరు దగ్గరపడుతున్న ఒక సోమవారం పొద్దున ఆరోగ్యమేరి పట్టీ ఎక్కించి కొలంబో కలిపింది. సగం వెళ్ళేసరికి కాగితం మీద అక్షరాలు కలగాపులగమయ్యాయి. అవతల నుంచి కూడా ఎవరో కొడుతున్నారన్నమాట. ఆమె పట్టీ ఆపింది. రోడ్డు మీద గొడవగా ఉందని, పక్క అంగడికి నిప్పు పెట్టారని తవమణి కొట్టింది. మాటలు తప్పులు తప్పులుగా పడ్డాయి. ఆ తరువాత, ఒక్క నిమిషం ఆగమని చెప్పే మూడక్షరాల గుర్తు వచ్చింది. ఆపరేటర్లందరూ రోజూ వాడేదే అది. ఆరోగ్యమేరి ఆగింది. మరొక అక్షరం రాలేదు. కాసేపటికి లైనే తెగిపోయింది.

చెంగల్రాయుడు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమైంది మేరీ, పోయినాదా లేదా?"

"సగం పోయినాదయ్యా. ఆయమ్మ ఆగమన్నాది. ఆడ ఏందో కాలిపోతా ఉండాదంట."

"ఇంకోతూరి పట్టు."

"పడతానే ఉండానయ్యా. పలకలా."

కొలంబోలో సింహళ మూకలు తమిళుల ఇళ్ళు, అంగళ్ళు తగలబెడుతున్నాయని ఆ సాయంత్రం రేడియో చెప్పింది. ఆ వారమంతా ఏజెంటు యంత్రం పలకలేదు. ఏసు స్టేషనులో దొరికిన పేపరల్లా ఇంటికి తెచ్చాడు. వాటిలో ఊళ్ళ పేర్లున్నాయి, మనుషుల పేర్లు లేవు.

కొన్నాళ్ళకు నీటి సరఫరా శాఖ నుంచే టెలెక్సు వచ్చింది. గడువు పొడిగించారు. ధరలు నేరుగా తమ యంత్రానికే పంపాలి. అడిగిన వివరాలు తప్ప వేరే మాట ఒక్కటున్నా టెండరును తోసిపుచ్చే హక్కు తమకుంటుంది. ఆరోగ్యమేరి పట్టీ మళ్ళీ కొట్టి పంపింది. అంకెలు రెండోసారి కొట్టింది. అంతా అయ్యాక, లైను తెంచకుండా, తన చేత్తో ఒక వాక్యం, దాని కింద తన పేరు కొట్టింది. ఫలానా ఏజెంటు ఆఫీసులో ఆపరేటరు తవమణి సంగతి మీకేమైనా తెలుసా? జవాబు రాలేదు.

ఇక్కడి యంత్రంలో పడిన నకలు చెంగల్రాయుడి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన దాన్ని పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"ఇదేంది? టెండర్లో సొంత కత రాస్తావా?"

"టెండరు అయిపోయినాక, కింద కొట్టినానయ్యా."

"పైనేంది, కిందేంది! ఆడ అంతా ఒకే కాగితం గదా. దీన్ని సాకు పెట్టి తీసేసినారంటే?"

"తెలిసే కొట్టినా. ఆయమ్మ బతికుండాదో లేదో నేను ఎవుర్ని అడగాల? ఆడికి నాకుండే దోవ ఇదొకటే గదయ్యా."

ఆయన కాగితం మడిచి పట్టుకుపోయాడు. ఆ నెల గడిచాక ఆర్డరు వేరే కంపెనీకి వెళ్ళిందని తెలిసింది. ఆ వాక్యం వల్ల పోయిందా, ధర వల్ల పోయిందా అన్నది ఎవరికీ తెలియదు, శాఖ వాళ్ళు చెప్పలేదు. చెంగల్రాయుడు మాత్రం వాక్యం వల్లే అనుకున్నాడు. ఆరోగ్యమేరిని ప్యాకింగు షెడ్డుకు మార్చి, టెలెక్సు గదిలో కాంచన అనే కొత్త టైపిస్టును కూర్చోబెట్టాడు.

"పని పూర్తిగా తీసెయ్యలేదు గదమ్మా. పోనీలే," అన్నాడు ఏసు.

"పని గురించి కాదు నాయినా," అంది ఆమె.

పంపులను చెక్కపెట్టెల్లో పడుకోబెట్టి, గడ్డి కుక్కి, మేకులు కొట్టడం షెడ్డులో పని. ఒక మధ్యాహ్నం కాంచన యంత్రంలోంచి చింపిన కాగితం పట్టుకుని అక్కడికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నీ పేరుకే వచ్చినాది. కొలంబో నుంచి."

నీటి సరఫరా శాఖ ఆపరేటరు పంపాడు. మీరు అడిగిన మనిషి కోసం వెతికాను. ఒక బడిలో పెట్టిన శిబిరంలో ఉంది. తల్లి కూడా ఉంది. తిరువళ్ళూరు నుంచి అడిగారని చెప్పాను. వాళ్ళను ఓడలో జాఫ్నా పంపిస్తున్నారు. దయచేసి దీనికి జవాబు ఇవ్వవద్దు. కింద పేరు లేదు. సింహళీయుడై ఉంటాడని ఆరోగ్యమేరి అనుకుంది. ఆయన ఎవరో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. సగం మేకులు కొట్టిన పెట్టె మీద కాసేపు కూర్చుని, లేచి మళ్ళీ మేకులు కొట్టింది.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఇద్దరు ఆడవాళ్ళు తిరువళ్ళూరులో రైలు దిగారు. ట్రంకుపెట్టె ఎత్తడానికి వెళ్ళిన ఏసును, పంపుల ఫ్యాక్టరీకి ఎలా వెళ్ళాలని చిన్నామె అడిగింది. ఆమె జాఫ్నా తమిళం వినగానే వాళ్ళెవరో ఆయనకు అర్థమయింది. ఎవరినీ ఏమీ అడగకుండా పెట్టె నెత్తిన పెట్టుకుని నేరుగా తన ఇంటికి నడిచాడు.

ఆరోగ్యమేరి పని నుంచి వచ్చేసరికి వాళ్ళు కాఫీ తాగుతున్నారు. ఆమె, తవమణి తమిళంలోనే మాట్లాడుకున్నారు.

"నువ్వు లావుగా ఉంటావనుకున్నాను," అంది తవమణి.

"ఎందుకట్లా?"

"ఎప్పుడు పిలిచినా పలికేదానివి. కుర్చీలోంచి లేవనే లేవవేమో అనుకున్నాను."

నవ్వుకున్నారు. కాని యంత్రంలో మాట్లాడినంత సులువుగా మాట సాగలేదు. ఆ జాఫ్నా తమిళంలో సగం ఆరోగ్యమేరికి పట్టుబడలేదు, ఈమె తమిళంలో దొర్లే తెలుగు తవమణికి అంతు చిక్కలేదు. పడవలో రామేశ్వరం చేరామని, అక్కడికి దగ్గర మండపంలోని శరణార్థుల శిబిరంలో ఉండి అనుమతి తీసుకుని వచ్చామని తవమణి చెప్పింది. ఆ సోమవారం ఆగమని కొట్టి, కిటికీ మూద్దామని లేచిందట. ఆఫీసు కాపలాదారు వచ్చి వెనక మెట్ల మీదుగా దింపేశాడట. దిగిన కాసేపటికే మేడ అంటుకుంది.

మర్నాడు తవమణి తానే చెంగల్రాయుడి దగ్గరికి వెళ్ళింది. ఆరోగ్యమేరి తలుపు దగ్గర నిలబడింది.

"నీ వల్లే మా ఆర్డరు పోయింది, తెలుసా?" అన్నాడాయన తమిళంలో.

"ఆ కుర్చీలో నేనుంటే ఆ మాట కొట్టేదాన్ని కాదండి. టెండరంటే టెండరే," అంది తవమణి. "కాని బడిలో మా అమ్మ గోడవారన పడుకుని, తిండి మానేసి, ఎక్కడికీ రానంది. ఇండియా నుంచి మన కోసం ఎవరో అడిగారని చెబితేనే లేచింది. లేచింది కాబట్టే ఓడ ఎక్కించగలిగాను."

చెంగల్రాయుడు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దాడు.

"ప్యాకింగులో మనుషులు తక్కువగా ఉన్నారు. శిబిరం బయట ఉండే అనుమతికి పోలీసు స్టేషనులో నేను మాట్లాడతాలే," అన్నాడు.

టెలెక్సు గదిలో పని ఇస్తానన్నా తవమణి ఒప్పుకునేది కాదు. ఆ యంత్రం గంట మోగితే షెడ్డులో ఆమె చేతిలోని సుత్తి ఆగిపోయేది. కాంచన పెళ్ళయి చిత్తూరు వెళ్ళిపోయినప్పుడు, చెంగల్రాయుడు ఆరోగ్యమేరిని పిలిపించాడు.

"పో, నీ రూముకు పో. టెండర్లలో మాత్రం సొంత మాటలొద్దు."

"టెండర్లో కొట్టనయ్యా. ఉత్త లైనులో, తిన్నారా అని అడగతా."

ఆయన నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయాడు.

1987లో ఇండియాకు, సిలోనుకు మధ్య ఒప్పందం కుదిరాక సిలోనుకు తిరిగి పోయే ఓడలు నడిచాయి. తవమణి తల్లి సొంత ఇల్లు చూసుకోవాలని వెళ్ళిపోయింది. తవమణి వెళ్ళలేదు. ఎందుకని ఆరోగ్యమేరి అడగలేదు. ఆ తరువాతి సంవత్సరం ఆరోగ్యమేరి కామెర్లతో మంచాన పడ్డప్పుడు, మనిషిని బస్సెక్కించే వ్యవధి కూడా లేని ఆంధ్రా టెండరు ఒకదాని గడువు దగ్గరపడింది. ఎవరూ పిలవకుండానే తవమణి షెడ్డు నుంచి లేచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ కుర్చీలో కూర్చుంది. పట్టీ కొట్టింది, పంపింది, అంకెలు మళ్ళీ ఒకసారి కొట్టింది. బయటికి వచ్చి మంచినీళ్ళు తాగింది. ఆ రోజు నుంచి గదిని ఇద్దరూ వంతులవారీగా చూసుకున్నారు.

కొన్నాళ్ళకు ఫ్యాక్సు వచ్చింది. ఉన్న కాగితాన్ని ఉన్నట్టుగా పంపే యంత్రానికి చిల్లుల పట్టీతో పని లేదు. టెలెక్సును పాత సామాన్లవాడు లారీలో ఎక్కించుకుపోయాడు. ఆరోగ్యమేరి టెండర్ల విభాగానికి, తవమణి స్టోర్సుకు మారారు.

తవమణి ఏసు ఇంట్లోనే ముందు గదిలో ఉండేది. తెలుగు ఆయన దగ్గరే నేర్చుకుంది. సాయంత్రం చెప్పులు వేసుకుంటున్న ముసలాయనను, "యాడికి బోతా ఉండావు నాయినా?" అని ఆయన యాసలోనే అడిగేది. ఆయన జాఫ్నా తమిళంలో జవాబు చెప్పేవాడు. ఇద్దరి మాటల్లోనూ తప్పులుండేవి, ఆరోగ్యమేరి దిద్దేది కాదు.