సెకనుకో అంకె

స్కూల్ సైకాలజిస్టు కోర్సులో ఆ ఏడు పద్నాలుగు మంది చేరారు. పదముగ్గురు డిగ్రీ చేతపట్టుకుని నేరుగా వచ్చిన పిల్లలు. పద్నాలుగో ఆవిడ పదహారేళ్ళు చిన్న క్లాసులకు పాఠాలు చెప్పి, ముప్పై తొమ్మిదో ఏట ఉద్యోగం వదులుకుని వచ్చింది. మొదటి రోజు ఆమె తలుపు తోసుకుని లోపలికి రాగానే లెక్చరర్ వచ్చిందనుకుని అందరూ లేచి నిలబడ్డారు.

"కూర్చోండర్రా, నేనూ మీలాంటి దాన్నే," అంది.

ఆ పూటే ఆమెకు అక్కయ్య అని పేరు పడిపోయింది. నెల తిరిగేసరికి సారు కూడా హాజరు తీసుకుంటూ, "అక్కయ్య వచ్చిందా?" అని నాలుక కరుచుకున్నాడు.

ఈ వయసులో మళ్ళీ చదువేంటని అడిగినవాళ్ళకు అక్కయ్య ఒకటే చెప్పేది. పదహారేళ్ళలో 'ఈ పిల్లకు రాదు' అన్న మాట వెయ్యిసార్లు విన్నాను, అందులో సగం సార్లు నేనే అన్నాను, ఎందుకు రాదో చూసే మనిషిని ఒక్కసారీ చూడలేదు అని.

చేరాక గానీ తెలియలేదు, ఆ చూడడం ఎంత కష్టమో. పాఠాలు ఒక ఎత్తు, పరీక్షల పెట్టె ఒక ఎత్తు. చిన్న సూట్‌కేసంత పెట్టె. అందులో రంగు దిమ్మలు, బొమ్మల పుస్తకం, జవాబు కాగితాలు, స్టాప్‌వాచీ, ఇటుకంత మందాన నియమాల పుస్తకం. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని పుస్తకంలో ఉన్న మాటే చదవాలి. ఒక ముక్క ఎక్కువ అనకూడదు. భేష్ అనకూడదు, తల ఊపకూడదు. అంకెలు వినిపించి తిరిగి చెప్పించే భాగంలో అయితే మరీను. సెకనుకో అంకె. గొంతు పెంచకూడదు, దించకూడదు, మధ్యలో ఆగకూడదు. అందరు పిల్లలకూ ఒక్కలాగే పెడితేనే ఎవరికి ఎంత గుర్తుంటుందో తెలిసేది.

పదహారేళ్ళు జవాబులు అందించడమే పనిగా బతికిన మనిషికి నోరు కట్టుకుని కూర్చోవడం ఎలా వస్తుంది?

"అక్కయ్యా, నోరు మూసుకున్నారు, బాగుంది," అన్నాడు సారు ఒకసారి. "కానీ మీ కనుబొమ్మలే జవాబులు చెప్పేస్తున్నాయి."

క్లాసంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది అక్కయ్యే.

సాధన చేయడానికి మనుషులు కావాలి. మిగతావాళ్ళు హాస్టల్లో ఒకరి మీద ఒకరు చేసుకునేవాళ్ళు. అక్కయ్యకు ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. నాన్న పోయి అప్పటికి పది నెలలు. అమ్మ వంట చేసేది, బట్టలు ఆరేసేది, అడిగినదానికి ఊఁ అనేది, అంతే. ఆయన కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా మడతపెట్టిన దుప్పటి ఒకటి పెట్టి ఉంచింది.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఓ అరగంట కూర్చో."

"నాకు పరీక్షలేంటే? ఐదో క్లాసులో పుస్తకాలు అటక ఎక్కించినదాన్ని."

"నువ్వు పాసవ్వక్కర్లేదు. నేను పాసవ్వాలి."

తల్లి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. మాటలకు అర్థాలు చెప్పే భాగం వచ్చింది.

"గొడుగు అంటే ఏమిటి?"

తల్లి చాలాసేపు ఆలోచించింది. "మీ నాన్న బస్సులో వదిలేసి వచ్చేది," అంది.

దానికి ఎన్ని మార్కులు వేయాలో నియమాల పుస్తకంలో లేదు. అక్కయ్య పెదవి బిగబట్టి చూసింది, నవ్వు ఆగలేదు. తల్లికీ ఆగలేదు. ఇద్దరూ బల్ల మీద వాలిపోయి నవ్వారు, నవ్వీ నవ్వీ తల్లి కళ్ళు ఒత్తుకుని, "మొత్తం తొమ్మిది గొడుగులే," అంది. ఆ ఇంట్లో పది నెలల తర్వాత వినబడిన నవ్వు అది.

ఆ రోజునుంచి సాయంత్రం కాఫీ అవగానే తల్లే వచ్చి బల్ల దగ్గర కూర్చునేది. ఒక్క అంకెల దగ్గరే ఆమె ముఖం చిన్నబోయేది. మూడు అంకెలు దాటితే అంతా కలగాపులగం. "ఆయనతోనే పోయిందే నా బుర్ర," అనేది. కూతురికి ఉండబట్టలేదు. తెలిసి కొంత, తెలియక కొంత, అంకెలు రెండేసి కలిపి, మధ్యలో కాస్త ఊపిరి తీసుకుని చదవసాగింది. మూడు, తొమ్మిది... ఒకటి, ఏడు... తల్లి టకటకా అప్పజెప్పేది. ముఖం వెలిగిపోయేది. అలా నలభై సాయంత్రాలు గడిచాయి.

రెండో ఏడు ఆఖరి టర్మంతా బడిలో పని. ఆరుగురు పిల్లలను చూసి, ఆరు ఫైళ్ళు రాసి, ఆరింటి మీదా సారు సంతకం పెట్టించుకోవాలి. అప్పుడే పట్టా. ఆ బడి హెడ్మాస్టరు అప్పటికే మాటిచ్చాడు, పట్టా చేతికి రాగానే ఇక్కడే చేరిపొమ్మని. అయిదు ఫైళ్ళు అయ్యాయి. ఆరోది మూడో క్లాసు పిల్ల.

క్లాసులో ఆ పిల్లను ఏంటమ్మ అంటారు. ఏం చెప్పినా "ఏంటి టీచర్?" అంటుంది కాబట్టి. చెవులు పరీక్ష చేయించారు, బంగారంలా ఉన్నాయి.

"వినబడుతుంది, వినదు," అంది క్లాసు టీచరు. "పుస్తకం తీసి, నలభయ్యో పేజీ తిప్పి, రెండో లెక్క చెయ్యమంటే పుస్తకం తీసి కూర్చుంటుంది మహారాణి. మీరు బుర్ర కూడా చూసి చెప్పండి. బుర్రలో లోపం లేదంటే ఇంక మిగిలింది పొగరే. మళ్ళీ మూడో క్లాసులోనే కూర్చోబెడతాం, ఓ ఏడాది పోతే తిక్క కుదురుతుంది."

ఆటవస్తువులు పెట్టుకునే గదిలో, వల సంచీలో వేలాడే బంతుల కింద పరీక్ష జరిగింది. ఏంటమ్మ కాళ్ళు నేలకు అందలేదు. అక్కయ్య ఒక అట్టపెట్టె తెచ్చి ఆ కాళ్ళ కింద పెట్టింది. పిల్ల దిమ్మలు చకచకా పేర్చింది, బొమ్మలో తప్పిపోయినదేదో ఇట్టే పట్టేసింది. అంకెలు ఆరు దాకా తిరిగి చెప్పింది. ఆ ఈడు పిల్లల్లో చాలామందికి అయిదు దాటడమే కష్టం. అక్కయ్య సంబరపడి ఆ రాత్రే ఫైలు రాసేసింది: జ్ఞాపకశక్తి వయసుకు మించి ఉంది.

టీచరుతో, తండ్రితో సమావేశం ఎల్లుండి. మర్నాడు మధ్యాహ్నం అక్కయ్య కాలేజీలో కూర్చుని, నియమం ప్రకారం రికార్డు చేసిన జవాబులు వింటూ కాగితంతో సరిచూసుకుంటోంది. అంకెల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

నాలుగు, తొమ్మిది... రెండు, ఏడు... ఒకటి, అయిదు.

ఆ గొంతు ఆమె ఇంట్లో అమ్మతో మాట్లాడే గొంతు. వెనక్కి తిప్పి, స్టాప్‌వాచీ నొక్కి మళ్ళీ వింది. ఆరు అంకెలకు పదకొండు సెకన్లు. ఆరులో అయిపోవాలి.

ఆ మార్కు చెల్లదు. చెల్లని మార్కు పట్టుకుని రేపు టీచరు అన్నంత పనీ చేస్తుంది: బుర్ర భేషుగ్గా ఉంది, పొగరే. పిల్ల మళ్ళీ మూడో క్లాసు. తప్పు ఒప్పుకుంటే ఆరో ఫైలు లెక్కలోకి రాదు, ఈ టర్ముకు పట్టా లేదు. ఒప్పుకోకపోతే ఆ రికార్డు ఎవరూ వినరు. సారు కాగితాలు చూస్తాడు గానీ ప్రతి పిల్ల గొంతూ వినే తీరిక ఆయనకెక్కడిది? పక్కనున్న తోటివాళ్ళు పట్టాల పండగకు ఏ రంగు బట్టలు వేసుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నారు. "అక్కయ్యా, నీలమా, ఆకుపచ్చా?" అంటే ఏదో ఒకటని లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చాక తల్లి పసిగట్టింది. "ఏంటే అలా ఉన్నావ్?"

అక్కయ్య నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పింది. తల్లి అంతా విని, "అంటే నేను గొప్పగా చెప్పానని మురిసిపోయానే, అవన్నీ ఉత్తివేనా? నామీద జాలిపడి మెల్లగా చదివావా?" అంది.

"అది కాదమ్మా..."

"ఉండు, నన్ను చెప్పనీ." తల్లి కాసేపు బల్ల అంచు గోటితో గీస్తూ ఉండిపోయింది. "ఉత్తివి ఎలా అవుతాయే? గబగబా చెప్తే నాకు రావట్లేదు, విడివిడిగా చెప్తే వస్తోంది. రెండూ నిజమే కదా. ఆ పిల్లకూ అంతేనేమో. పొగరున్న పిల్లకు మెల్లగా చెప్తే మాత్రం ఎందుకొస్తుంది?"

అక్కయ్య తల్లి ముఖంలోకి చూసింది. రెండేళ్ళ చదువు, ఇటుకంత పుస్తకం, ఈ ప్రశ్న తనకెందుకు తట్టలేదు?

మర్నాడు పొద్దున్నే సారు గది తలుపు తట్టింది. కూర్చోకుండానే చెప్పేసింది. సారు రికార్డు పెట్టించుకుని విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరైనా చెప్పారా, మీరే కనిపెట్టారా?"

"నేనే విన్నాను సార్."

"ఈ మార్కు కొట్టెయ్యాలి. ఫైలు లెక్కలోకి రాదు. ఈ టర్ముకు నేను సంతకం పెట్టలేను. తెలుసు కదా?"

"తెలుసు సార్. సంతకం కోసం రాలేదు. ఆ పిల్లను ఇంకోసారి చూడాలి."

"అదే పరీక్ష వెంటనే పెడితే చెల్లదు. పిల్లకు గుర్తుండిపోతుంది." ఆయన లేచి బీరువాలోంచి ఇంకో పెట్టె తీశాడు. "ఇది వేరే. నేను పెడతాను. మీరు మూలన కూర్చుని చూడండి. కనుబొమ్మలతో సహా కదలకూడదు."

అదే గదిలో, అవే బంతుల కింద సారు గడియారంలా చదివాడు. ఏంటమ్మ మూడంకెలు చెప్పింది. నాలుగంకెలకు తడబడింది. ఇంకోసారి నాలుగు. పిల్ల కళ్ళు నేల చూశాయి. "ఏంటి సార్?" అంది సన్నగా. సారు మార్కు వేసి, గీత గీసి, పరీక్ష ముగించాడు. ఆ తర్వాత అక్కయ్యను పిలిచాడు.

"ఇది మార్కుకు కాదు. వేరే అంకెలు తీసుకుని మీ తప్పు పద్ధతిలో అడగండి."

అక్కయ్య ఎదురుగా కూర్చుని రెండేసి చెప్పింది. ఏంటమ్మ నాలుగూ చెప్పింది. తర్వాత అయిదు, తర్వాత ఆరు. తలెత్తి, "ఇంకోటి అడుగు మేడం," అంది. సారు కాగితం మీద చాలాసేపు రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సమావేశానికి తండ్రి బస్సు డిపోలోంచి గ్రీజు మరకల చేతులతో వచ్చి, అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో దాచుకున్నాడు. అక్కయ్య ముందుగా తన తప్పే చెప్పింది. క్లాసు టీచరు నవ్వింది.

"బాగుందమ్మా. మీకే పరీక్ష పెట్టడం రాలేదు, ఇంక మా పిల్లల్ని మీరేం చూస్తారు?"

అక్కయ్య ముఖం ఎర్రబడింది. సారు నోరు విప్పబోతే వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"మీరన్న మాట నిజమే మేడం. అందుకే సారు మళ్ళీ పెట్టారు. గబగబా వరసగా చెప్తే ఈ పిల్ల బుర్రలో మూడు ముక్కలే నిలుస్తాయి. నాలుగోది రాగానే మిగతావీ చెదిరిపోతాయి. విడదీసి చెప్తే ఆరు నిలుస్తాయి. పొగరైతే రెండోసారి కూడా చెప్పేది కాదు. పుస్తకం, పేజీ, దాని నంబరు, లెక్క, దాని నంబరు, అయిదు ముక్కలూ ఒక్క గుక్కలో చెప్పేసరికి పుస్తకం ఒక్కటే దక్కుతోంది దానికి."

తండ్రి తల దించుకున్నాడు. "ఇంట్లోనూ అంతేనండి. చెప్పులు బయట పెట్టి, కాళ్ళు కడుక్కుని, చెల్లిని పిలువు అంటే... సగంలో నిలబడి నా ముఖం చూస్తుంది. మాట లెక్కచేయట్లేదని..." ఒళ్ళోని చేతులకేసి చూసుకున్నాడు. "చెయ్యి కూడా చేసుకున్నానండి."



"నలభై మంది ఉన్న క్లాసు నాది," అంది టీచరు. ఈసారి గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. "ఒక్కదాని కోసం మెల్లగా మాట్లాడుతూ కూర్చుంటే పాఠం ఎప్పటికవుతుంది?"

"పదహారేళ్ళు నేనూ ఆ బల్ల వెనక నిలబడ్డాను మేడం, నాకు తెలుసు. మెల్లగా అక్కర్లేదు. రెండు మాటలు, ఒక ఊపిరి. మళ్ళీ రెండు మాటలు. నలభై మందికీ అలాగే చెప్పండి. మూడు వారాలు చూడండి. మారకపోతే మీరన్నట్టే చేద్దాం."

టీచరు ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. మళ్ళీ మూడో క్లాసు అన్న కాగితం మాత్రం మడిచి సొరుగులో పెట్టింది.

పట్టాల పండగకు పదముగ్గురు ఆకుపచ్చ బట్టలు వేసుకుని ఫోటో దిగారు. బలవంతాన అక్కయ్యనూ పక్కన నిలబెట్టారు. హెడ్మాస్టరుకు విషయం చెప్తే ఆయన, "ఇంకో టర్మే కదా, కుర్చీ ఎక్కడికీ పోదు," అన్నాడు గానీ, ఆ మాటలో ఎంత గట్టితనం ఉందో ఆమెకు తెలియలేదు.

మూడో వారం చివర బడి మెట్ల మీద క్లాసు టీచరు ఎదురైంది. చేతినిండా పరీక్ష కాగితాలు.

"మీ పిల్ల లెక్కల్లో పదికి ఆరు తెచ్చుకుంది," అంది మొహం అటు తిప్పుకుని. "అరకొరగానే చేసిందనుకోండి, అన్నీ అక్కర్లేదుగా. నాలుగో క్లాసుకు పంపిస్తున్నా." రెండు మెట్లు దిగి ఆగింది. "ఇంకో మాట. అలా విడదీసి చెప్తుంటే ఇంకో ఇద్దరు కూడా పుస్తకాలు తెరుస్తున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళనీ మొద్దులనే అనుకున్నా. వచ్చి చూస్తారా? మీకు ఇంకా ఫైలు కావాలన్నారుగా."

"ఒక్కటే కావాలి మేడం."

"రెండోది ఊరికే చూడండి. ఏం, అరిగిపోతారా?"

అక్కయ్యకు నవ్వొచ్చింది. ఆమె చేతిలోని కాగితాల్లో సగం తను అందుకుని, ఆ ఇద్దరూ ఏ వరసలో కూర్చుంటారు, బడికి ఎవరితో వస్తారు అని అడుగుతూ ఆమె వెంట క్లాసు వైపు నడిచింది.